గాలికి అడ్డం నేనే

నా బండి మీద గాలిని అన్నిటికన్నా ఎక్కువగా అడ్డుకునేది నా ఒళ్లేనని ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. అంతవరకూ తప్పంతా ఇంజన్‌దే అనుకున్నాను. సైలెన్సర్ మార్పించాను, వెనక స్ప్రాకెట్ మార్పించాను. జీతంలో మిగిలిందంతా మెకానిక్ షెడ్డుకే పోసాను. అయినా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద, నేరుగా సాగే చోట, ఒక వేగం దాటాక ముల్లు కదిలేది కాదు.

అక్కడే ఒక కుర్రాడు అచ్చం నాలాంటి బండి మీదే నన్ను దాటిపోయేవాడు. మలుపుల్లో అయితే నేర్పు అని సరిపెట్టుకునేవాణ్ణి. నేరు దారిలో దాటుతుంటే ఇంజన్ లోపల ఏదో చేయించాడని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురితో అన్నాను. ఆ మాట అతని చెవిన పడింది. పోయిన డబ్బుకన్నా ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే.

చివరికి మా మెకానిక్ అన్న ఫోన్లో తీసిన వీడియో చూపించాడు. "బండినెందుకు తిడతావు తమ్ముడూ, ముందు నువ్వెట్టా కూర్చున్నావో చూడు" అన్నాడు. ఛాతీ నిటారుగా ఉంది. మోచేతులు రెండూ బయటికి పొడుచుకొచ్చాయి. మోకాళ్లు ట్యాంకును వదిలేశాయి. హెల్మెట్ ముందు అద్దానికి పైన తేలుతోంది, వదులు జాకెట్ గాలికి కొట్టుకుంటోంది. తర్వాతి వీడియోలో ఆ కుర్రాడు: గడ్డం ట్యాంకుకు ఆనించి, నడుము సీటు చివరికంటా జరిపి, మోచేతుల్ని మోకాళ్లకు ఆనించి ముడుచుకున్నాడు. ఎదురుగా చూస్తే బండే తప్ప మనిషి కనిపించడం లేదు.

ఇదంతా నేను ఇంటర్లో చదివిన లెక్కే. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం (పవర్) వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 70 కి.మీ. నుంచి 140కి చేరాలంటే ఒక్క గాలికే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఒళ్లు ముడుచుకుని ఆ నిరోధంలో పదో వంతు తగ్గించగలిగితే, అంత వేగంలో ఇంజన్‌కు దాదాపు 11 శాతం బలం కలిపినట్టే. నేను కొన్న సైలెన్సర్ అందులో సగమైనా ఇచ్చిందనుకోను.

పైగా నా గది గోడకు బైక్ రేసర్ రోలీ ఫ్రీ ఫోటో ఉండేది. 1948 సెప్టెంబర్ 13న అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో, అంతకు ముందు పరుగులో తోలు దుస్తులు గాలికి చిరిగాయని, ఈత నిక్కరుతో విన్సెంట్ బండి మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి చాచి, గంటకు 150.313 మైళ్ల వేగం అందుకున్నాడు. అంటే దాదాపు 242 కి.మీ. రోజూ చూసే ఆ ఫోటోలో నాకు తెగింపే కనిపించింది. అతను అలా ఎందుకు పడుకున్నాడని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇటలీలో మోటో గుజ్జీ బైకుల కంపెనీ వాళ్లు 1950లలోనే మాండెల్లోలో గాలి సొరంగం పెట్టుకుని, రైడర్‌ను బండి మీద కూర్చోబెట్టి మరీ పరీక్షించేవారు. మనిషిని వదిలేసి బండిని మాత్రమే కొలిస్తే ఆ లెక్క పనికిరాదని వాళ్లకు తెలుసు. నేటి రేసు సూట్ల వీపు మీద మూపురం కూడా అందుకే పుట్టింది: హెల్మెట్ వెనక ఏర్పడే ఖాళీని పూడ్చి, గాలి సుడి తిరగకుండా వీపు మీదుగా జారిపోయేలా చేస్తుంది.

తెలిసినంత మాత్రాన ఒంటికి రాలేదు. మెడ పట్టేసేది. తల వంచాక కళ్లు మాత్రం పైకెత్తి దూరం చూడాలి, అది అన్నిటికన్నా కష్టం. భయంతో మలుపుకు చాలా ముందే లేచి కూర్చునేవాణ్ణి. లేవాల్సింది బ్రేకు పట్టే క్షణంలోనే. అప్పుడు ఛాతీకి తగిలే గాలి బండిని ఆపడానికి సాయపడుతుంది. ముందే లేస్తే కష్టపడి సంపాదించిన వేగం ఊరికే పోతుంది.

ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి, నలుగురూ ఉండగానే క్షమించమని అడిగాను. అతను ఆ మాట పొడిగించకుండా, నా పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఎక్కడ ఆనాలో వంగి చూపించాడు.

ట్రాకుకు వెళ్లే తమ్ముళ్లకు నా విన్నపం ఒకటే. సైలెన్సర్‌కు డబ్బు కట్టేముందు ఎవరినైనా ఎదురుగా నిలబడి మీ వీడియో ఒకటి తీయమనండి. ఈ ప్రయోగం హైవే మీద మాత్రం చేయకండి. ట్యాంకు మీద వాలిపోయినవాడికి పక్క సందులోంచి వచ్చే ఆటో కనపడదు.