బర్గరు వస్తోంది, దారివ్వండి

గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం. పేరెందుకు లెండి, చదివేవారు తమ ఊరే అనుకున్నా నష్టం లేదు. మెయిన్ రోడ్డులో పాత సినిమా హాలు పడగొట్టిన స్థలం చుట్టూ రేకులు కట్టి, ఓ అమెరికా బర్గరు కంపెనీ వాళ్లు ‘త్వరలో’ అని బోర్డు వేలాడదీశారు. ‘త్వరలో’ బోర్డులు ఆ ఊరికి కొత్త కాదు. ఫ్లైఓవరుకి ఒకటి, భూగర్భ డ్రైనేజీకి ఒకటి ఉన్నాయి. రంగు వెలిసిపోయి రెండూ రెండు ఎన్నికలు దాటేశాయి. వాటి కింద ఎవరూ ఆగి చూసిన పాపాన పోలేదు. ఈ బోర్డు కింద మాత్రం తెల్లారేసరికి పాతికమంది పోగయ్యారు, సెల్ఫీలతో సహా.

మర్నాటి నుంచి మున్సిపల్ పార్కులో పొద్దుటి నడక ఆగిపోయింది. నడిస్తే ఆయాసం వస్తుంది, ఆయాసపడుతూ వాదించడం కష్టం.

మొదట గొంతెత్తింది రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయనకి చరిత్ర కంఠతా. 1995 జూన్‌లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కేఎఫ్‌సీ దేశంలో తొలి దుకాణం తెరిస్తే ప్రొఫెసర్ నంజుండస్వామి వెనక కర్ణాటక రైతులు ఎలా కదిలారో, నగర పాలకులు లైసెన్సు ఎలా రద్దు చేశారో, 1996 జనవరి 30న రైతు సంఘం వాళ్లు లోపలికి చొరబడి దుకాణాన్ని ఎలా ధ్వంసం చేశారో బెంచీ మీద నిలబడి చెప్పారు. గాంధీగారి వర్ధంతి నాడు విధ్వంసం ఏమిటని ఎవరికీ తోచలేదు. ఒక కుర్రాడు మాత్రం, "తర్వాతేమైందండీ మాస్టారూ?" అన్నాడు. తర్వాతేముంది, లైసెన్సు విషయంలో కంపెనీ కోర్టుకెళ్లి నెగ్గుకొచ్చింది. దాడి తర్వాతా మళ్లీ తలుపులు తెరిచింది. ఇప్పుడు కేఎఫ్‌సీ లేని పెద్ద నగరాన్ని వెతుక్కోవాలి. మాస్టారు ఆ భాగం సిలబస్‌లో లేనట్టు దాటేశారు.

‘మన సంస్కృతి మీద దండయాత్ర’ అన్నది ఆయన అసలు ఫిర్యాదు. దండెత్తి వచ్చేవాడు ఏ వేషంలో వస్తాడో కూడా చూడాలి కదా. 1996 అక్టోబరులో ఢిల్లీ వసంత్ విహార్‌లో అడుగుపెట్టిన మెక్‌డొనాల్డ్స్ తన పేరు మోసిన బిగ్ మ్యాక్‌ని ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది. గొడ్డుమాంసం లేదు, పందిమాంసం లేదు. ‘మహారాజా మ్యాక్’ అని పట్టాభిషేకం చేసి, అందులో మొదట మటన్, తర్వాత చికెన్ పెట్టింది. శాకాహారులు నొచ్చుకుంటారని మయొనైజ్‌లోంచి గుడ్డు తీసేసింది. వంటగదిని రెండుగా విడదీసి, శాకాహారం వండేవాళ్లకి ఆకుపచ్చ ఏప్రన్లు కట్టింది. బంగాళాదుంప బోండాని నొక్కి బన్నులో కూర్చోబెట్టినట్టుండే ఆలూ టిక్కీని 2004లో ఇరవై రూపాయలకి అమ్మింది. ఇంత మడి మాస్టారి ఇంట్లోనే లేదు. ఆదివారం ఒకే స్టవ్వు మీద పక్కపక్కనే పప్పుచారూ రొయ్యల ఇగురూ ఉడుకుతాయని పక్కింటివారి సాక్ష్యం.

ఆయనకి ఇంకో ఇరకాటం కూడా ఉంది. మెక్‌డొనాల్డ్స్ హైదరాబాద్‌లో గ్లోబల్ ఆఫీసు పెడుతోందని, 2,000 మందికి ఉద్యోగాలని 2025 మార్చిలో ముఖ్యమంత్రి సమక్షంలో ఒప్పందం జరిగింది. ఆ ఏడాదే ఆఫీసు తెరుచుకుంది కూడా. మాస్టారి రెండో అబ్బాయి అందులో చేరాడు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజున ఇదే పార్కులో తాపేశ్వరం కాజాలు పంచారు. "మీవాడు కూడా బర్గర్ల లెక్కలే కదండీ చూసేది?" అని ప్లాట్ల వ్యాపారి గుచ్చితే, "అది ఉద్యోగమండీ. ఇది తిండి. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. చాలా ఇళ్లలో సంస్కృతి ఈ గీత దగ్గరే భద్రంగా ఉంది.

ప్లాట్ల వ్యాపారికి బర్గరు ఎలా ఉంటుందో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఆయనకి కావలసింది బోర్డు. "కార్పొరేట్ ఆసుపత్రి వచ్చింది, కార్ల షోరూములు వచ్చాయి. ఇదొక్కటీ వస్తే మనది సిటీ అయినట్టేనండీ" అంటాడు. బైపాస్ అవతల కొబ్బరితోటల్లో ఆయన వేసిన వెంచరు బ్రోషర్లో ‘బర్గర్ రెస్టారెంటుకు పది నిమిషాలు’ అని అప్పుడే అచ్చయింది. రేకుల వెనక పునాది కూడా తవ్వలేదు.

చక్కెర వ్యాధి డాక్టరుగారు ఆరోగ్యం కోణం ఎత్తారు. కేరళ ప్రభుత్వం 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం ‘కొవ్వు పన్ను’ వేసిందనీ, మరుసటి ఏడాది జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసిందనీ సవివరంగా చెప్పారు. ఆయన చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉంది. ఆ బజ్జీల బండి మూకుట్లో నూనె ఏ ప్రభుత్వం హయాంలో పోసిందో బండివాడికే గుర్తులేదు. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడానికీ ఒక హద్దుంది. అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి దేశమంతటా నిబంధన. కొలిచే పరికరం పట్టుకుని ఆ బండి దాకా వచ్చిన అధికారిని మాత్రం ఊళ్లో ఎవరూ చూడలేదు.

రైతు సంఘం ప్రతినిధి సూటిగానే అడిగాడు: "మా పంట కొంటారా?" మెక్‌డొనాల్డ్స్‌కి ఫ్రెంచ్ ఫ్రైస్ ఇచ్చే మెక్‌కెయిన్ ఫ్యాక్టరీ గుజరాత్ మెహసానాలో ఉంది, బంగాళాదుంప అక్కడి రైతులు పండిస్తారు. డెల్టాలో పండేది వరి, కొబ్బరి, అరటి. బన్నులో ఈ మూడింటికీ చోటు లేదు. మన తెలుగు నేలకి మిగిలిన ఆశ టమాటా. దాని సంగతీ 2023 జులైలో తేలిపోయింది. మదనపల్లె మార్కెట్లో ధర ఆకాశానికంటగానే ఉత్తర, తూర్పు భారతంలోని మెక్‌డొనాల్డ్స్ చాలా దుకాణాల్లో టమాటాకి సెలవిచ్చేసింది. ఆ నెల్లో తెలుగిళ్లలో చింతపండు పప్పు, మామిడికాయ పప్పు తిని ఊరుకున్నారు. ఆ దుకాణాల్లాగా ఎవరూ గుమ్మానికి నోటీసు అంటించలేదు.

పార్కు గోడ పక్కన పూలమ్మే అనంతపురం ఆవిడ ఇవన్నీ వింటూనే ఉంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ శాస్త్రవేత్తలతో కలిసి మెక్‌డొనాల్డ్స్ 2024లో రాగి, జొన్న, సజ్జలాంటి చిరుధాన్యాలతో బన్ను తయారుచేసిందని కుర్రాడు ఫోన్లో చదివి వినిపిస్తే, ఆవిడ మూర చుట్టడం ఆపింది. "మేం రాగి సంగటి తింటే మీరంతా నవ్వితిరి. ఇప్పుడు బన్ను చేసి అమ్మితే బలమంటారా?" అంది. పార్కులో ఆ రోజుకి అంతకు మించిన మాట ఎవరూ మాట్లాడలేదు.

ఇంత చర్చలోనూ డిగ్రీ కాలేజీ అమ్మాయిలను ఎవరూ అడగలేదు. అడిగితే సంస్కృతి, గజం రేటు, కొవ్వు అన్నీ పక్కకి పోయేవి. మెయిన్ రోడ్డు మీద కాలేజీ నుంచి బస్టాండు దాకా ఒక ఆడపిల్ల అరగంట కూర్చోగలిగిన చోటు ఒక్కటీ లేదు. టీ కొట్టు మగవాళ్లది. టిఫిన్ హోటల్లో ప్లేటు ఖాళీ అయితే "ఇంకేం కావాలమ్మా?" అని సర్వరు వచ్చి నిలబడతాడు, ఆ మాటకి లేవమనే అర్థం. పార్కు సాయంత్రం ఆరు దాటితే చీకటి. మున్సిపాలిటీ కట్టిన ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఉన్న తాళం ఎవరి దగ్గరుందన్నది మూడు వార్డుల వివాదం. బర్గరు దుకాణంలో ఒక కోకు తీసుకుని ముగ్గురు గంటసేపు కూర్చోవచ్చు, లోపల శుభ్రమైన బాత్రూము ఉంటుంది, దానికి లోపలి నుంచి గడియ ఉంటుంది. "బర్గరు ఎలా ఉన్నా ఫర్వాలేదండీ, బాత్రూము ఉంటే చాలు" అని ఒకమ్మాయి అన్నదాన్ని మాస్టారు ‘నేటి తరం’ అన్న ఒక్క మాటతో కొట్టేశారు. ఒక అమెరికా కంపెనీ వచ్చి ఇచ్చేదాకా ఊరి ఆడపిల్లలకి గడియ ఉన్న బాత్రూము ఇవ్వలేకపోయిన పురపాలక సంఘం, అదే వారం ‘స్థానిక ఆహార పరిరక్షణ’కి ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ తీర్మానం నవ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

తీర్మానం రాసిచ్చింది వర్తక సంఘం అధ్యక్షులు. ‘మన పెసరట్టు, మన హక్కు’ అన్న నినాదమూ ఆయనదే. ఆ నినాదానికి ఆధారం, సినిమా హాలు స్థలానికి ఆనుకుని ఉన్న పాత టిఫిన్ హోటలు. దాని యజమానిని ఊరంతా బాబాయ్ అంటారు. అల్లం పచ్చడి మీద తప్ప ఆయనకి దేనిమీదా గట్టి అభిప్రాయాలు లేవు. ఆయన్ని పట్టుకొచ్చి బెంచీ ఎక్కించి, "నువ్వున్నావు కదా బాబాయ్, అమెరికావాడు నీ ముందు ఎంత?" అన్నారు.

ఉత్తినే అనలేదు, ఉదాహరణ ఉంది. దక్షిణ ఇటలీలో రొట్టెకి పేరుపొందిన ఆల్తమూరా అనే ఊళ్లోకి 2001లో మెక్‌డొనాల్డ్స్ వచ్చింది. దాని పక్కనే ఒక రొట్టెల వ్యాపారి చిన్న కొట్టు తెరిచి, ఫొకాచ్చా అనే నూనె రొట్టె వేడివేడిగా అమ్మాడు. ధర్నాలు చేయలేదు, అద్దాలు పగలగొట్టలేదు. జనం రుచిని బట్టీ ధరని బట్టీ ఇటు తిరిగారు. 2002 డిసెంబరులో మెక్‌డొనాల్డ్స్ తలుపులు మూసుకుంది. దాని మీద 2009లో సినిమా కూడా వచ్చింది. కుర్రాడు ఇది చదివి వినిపించగానే పార్కు చప్పట్లతో మోగింది. మాస్టారైతే బాబాయి మీద సినిమాకి హీరోని కూడా అనుకున్నారు.

బాబాయి ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆయన జేబులో అంతకు ముందురోజు అందిన కాగితం ఉంది. అమెరికా కంపెనీ పక్కకి రావడంతో ఆ వరసలో అద్దెలు పెరిగాయనీ, వచ్చే నెల నుంచి రెట్టింపు ఇవ్వాలనీ, లేకుంటే ఖాళీ చేయాలనీ బిల్డింగు ఓనరు రాయించిన నోటీసు అది. ఆ ఓనరు వర్తక సంఘం అధ్యక్షులే. హోటలు ఉన్న చోటికి ఒక సెల్‌ఫోన్ షోరూము వాళ్లు అప్పటికే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. "ప్రజా జీవితం వేరు, ఆస్తి వేరు కదండీ" అని అధ్యక్షులవారు ఎవరో అడిగితే చెప్పారట. మాస్టారి గీతే, ఇంకొంచెం పొడుగ్గా గీశారు.

ఆల్తమూరాలో ఆ రొట్టెల కొట్టు అద్దె ఎంతో కుర్రాడు ఫోన్లో వెతికాడు, దొరకలేదు.

పార్కులో నడక మళ్లీ మొదలైంది. బర్గరు దుకాణం బోర్డు మీద ‘త్వరలో’ ఇంకా అలాగే ఉంది, పునాది మాత్రం పడింది. బాబాయి హోటలు మార్కెట్ వెనక సందులోకి, చేపల షెడ్డు దాటాక రెండో గుమ్మానికి మారింది. బోర్డు పెట్టలేదు. పెసరట్టు కావలసినవారు ఎనిమిదిలోపు వెళ్లండి. తర్వాత పిండి ఉండదు.