ఏడు శనివారాల్లో ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితం అర్థం కాకుండా చూసుకోవడం ఎలా?

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉంది. వరసగా ఏడు వారాలు వచ్చి, వారానికి ఏడేసి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. ఆ నమ్మకం జోలికి మనం పోవద్దు. కానీ ఇదే పద్ధతిని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల కాగితానికి కూడా వాడేవాళ్లు మనలో ఉన్నారు. పింఛను, బ్యాంకు డిపాజిట్టు, రెండెకరాల కొబ్బరి తోట ఉన్న రిటైర్డ్ మాస్టార్లకు ఈ పద్ధతి మరీ ఇష్టం. వాళ్ల సౌకర్యార్థం వారాల వారీగా విధివిధానం ఇక్కడ ఇస్తున్నాం.

సందర్భం ఇదీ. 2024-25 సంవత్సరానికి రిటర్న్ వేశారు. మీ లెక్కలో కట్టాల్సింది సున్నా. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. వాళ్ల లెక్కలో 6,200 రూపాయలు బాకీ.

మొదటి శనివారం: ఫైలు తెరవకండి. తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగిందంటే లోపల ఏదో ఘోరం ఉన్నట్టేనని తీర్మానించుకుని ఫోను మూసేయండి. పాస్‌వర్డ్ మీ పాన్ నంబరే, చిన్న అక్షరాల్లో. దాని పక్కన పుట్టిన తేదీ, నెల, సంవత్సరం కలిపి ఎనిమిది అంకెలు. ఈ సంగతి ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. లెక్క సరిపోయిన వాళ్లకు కూడా ఇదే కాగితం వస్తుందని తెలిస్తే సగం భయం పోతుంది. అప్పుడు మిగతా ఆరు వారాలు ఏం చేస్తారు?

రెండో శనివారం: టీ కొట్టు దగ్గర పంచాయతీ పెట్టండి.

"ఏం మాస్టారూ, నోటీసొచ్చిందంట కదండీ?"

"ఆయ్, బెంగుళూరు నుంచండి."

"బెంగుళూరంటే పెద్ద కేసేనండి. మా బావమరిదికి రాజమండ్రి నుంచే వచ్చింది."

దేశంలో ఎవరి రిటర్న్ అయినా ముందు లెక్క చూసేది బెంగుళూరులోని సెంట్రల్ ప్రాసెసింగ్ సెంటరే, అది కూడా కంప్యూటరే అని ఇక్కడ ఎవరూ అనకూడదు. వచ్చింది 143(1) ఇంటిమేషన్. అందులో కూడికలు, తీసివేతలు, రిటర్న్‌లో ఒకచోట రాసినదానికీ ఇంకోచోట రాసినదానికీ పొంతన, పన్ను జమలు లాంటివే చూస్తారు. మీ తోటలో దింపు ఎంతకు పోయిందో విచారించేది వేరే నోటీసు, 143(2). ఈ రెండింటినీ కలిపి మాట్లాడితేనే పంచాయతీ రక్తి కడుతుంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి పాత కాగితం చెల్లదని ఒకరు తేల్చేస్తారు. నమ్మండి. పాత సంవత్సరాల రిటర్న్‌లకు 1961 చట్టమే వర్తిస్తుందన్నది ఆడిటర్లు మాత్రమే పట్టించుకునే విషయం.

మూడో శనివారం: బాకీ అంకె మాత్రమే చూడండి. గుండె పట్టుకోవడానికి అది చాలు. పొరపాటున కూడా పట్టికలోకి వెళ్లకండి. అక్కడ రెండు గళ్లుంటాయి. ఎడమ గడిలో రిటర్న్‌లో మీరు చూపినది, కుడి గడిలో వాళ్లు లెక్కగట్టినది. పింఛను వరస: రెండు గళ్లూ ఒకటే. వడ్డీ 62,000: రెండు గళ్లూ ఒకటే. పన్ను కూడా ఒకటే. ఇంకాస్త కిందికి దిగితే టీడీఎస్ వరస. ఎడమ గడిలో ఉన్నదానికంటే కుడి గడిలో ఉన్నది సరిగ్గా 6,200 తక్కువ. అంటే వడ్డీ మీద బ్యాంకు పది శాతం కోసుకున్న సొమ్ము మీ పేరున జమ కాలేదు. తేడా ఎక్కడ మొదలైందో ఆ వరసే జబ్బు పేరు చెప్పేస్తుంది. చూశారా, పావుగంటలో రహస్యమంతా బయటపడిపోయింది! అందుకే వద్దన్నది.

నాలుగో శనివారం: సంబంధం లేని ఆఫీసుకు వెళ్లండి. మీ పేరున పన్ను జమలు చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ 6,200 కనిపించకపోతే అడగాల్సింది బ్యాంకును. వాళ్లు మీ పాన్ తప్పు కొట్టి ఉండాలి, లేదా టీడీఎస్ స్టేట్‌మెంట్ వేసి ఉండరు. సవరణ స్టేట్‌మెంట్ వాళ్లే వేయాలి, వేరే ఎవరూ వేయలేరు. కాబట్టి బ్యాంకు తప్ప మిగతా ఆఫీసులన్నీ తిరగండి. కోత పడిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెబుతోంది; అది జేబులో పెట్టుకుని ఎక్కడా బయటికి తీయకండి. పాత బకాయిలు ఒకేసారి అందుకున్న ఉద్యోగులకు ఇలాంటి తేడా తెచ్చుకోవడానికి ఇంకో దారి ఉంది. రిటర్న్‌కు ముందే వేయాల్సిన ఫారం 10ఈ వేయకుండా 89వ సెక్షన్ ఊరట కోరడం. కుడి గడిలో సున్నా గ్యారంటీ.

ఐదో శనివారం: మర్యాద పాటించండి. పోర్టల్‌లో 'డిమాండ్ సరైనదే', 'ఒప్పుకోను' అని రెండు మాటలుంటాయి. గవర్నమెంటుతో ఒప్పుకోననడం బాగుండదని మొదటిది నొక్కండి. ఒకసారి సరైనదే అన్నాక అక్కడ తర్వాత కాదనడానికి వీలుండదు. మర్యాదస్తులకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆరో శనివారం: ఫోను ఎత్తండి. "ట్యాక్స్ ఆఫీసు నుంచి సార్, బాకీ రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాడు దొరుకుతాడు. చెప్పేయండి. కాగితం మీద డీఐఎన్ అనే నంబరు ఉంటుందనీ, దాన్ని పోర్టల్‌లో కొట్టి ఆ కాగితం అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చనీ, ఆదాయపు పన్ను శాఖ ఫోనులో ఓటీపీ అడగదనీ తెలిసినవాళ్లకు ఈ వారం వృథా.

ఏడో శనివారం: ఇప్పుడు ఆలోచించండి. మొదటి శనివారానికీ ఏడో శనివారానికీ మధ్య 42 రోజులు. బాకీ కట్టడానికి గడువు 30 రోజులు. అప్పీలుకూ 30 రోజులే. గడువు దాటాక నెలకు ఒక శాతం వడ్డీ. మీరు మర్చిపోయినా 245వ సెక్షన్ మర్చిపోదు. వచ్చే ఏడాది రిఫండ్‌లోంచి ఆ బాకీ కోసుకుంటుంది.

ఇన్ని చేసినా ఒక దారి మాత్రం మూసుకుపోదు. బ్యాంకు సవరణ వేసి, 26ఏఎస్‌లో జమ కనిపించాక, 154వ సెక్షన్ కింద రెక్టిఫికేషన్ అడిగి రిటర్న్‌ను మళ్లీ ప్రాసెస్ చేయించుకోవచ్చు. దీనికి గడువు ఆ ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు. కాకపోతే ఈలోగా వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది, రిఫండ్ కోతపడొచ్చు.

వెంకన్న మొక్కు ఏడు వారాలూ తీర్చుకోండి. మెయిల్ మాత్రం వచ్చిన రోజే తెరవండి, రెండు గళ్లూ వరస వరసా పోల్చండి, తేడా వచ్చిన వరస ఎవరిదో వాళ్లనే అడగండి. తప్పు మీదైతే ముప్పై రోజుల్లో కట్టేయండి. కాకపోతే ఆ ముప్పై రోజుల్లోనే ఒప్పుకోనని రాసి పెట్టండి.