నాయుడుపేట నాన్నగారికి సన్మానపత్రం

అయ్యా! పిల్లల పెంపకంలో ఇల్లాలి భారం సగం మోస్తున్నానని బస్టాండు టీ అంగడిలో రోజూ సెలవిచ్చే మహానుభావా!

ముందు మీ చెవిని మెచ్చుకోవాలి. నడిరేయి పసివాడు గుక్కపట్టగానే ఇంట్లో అందరికన్నా ముందు మెలకువ వచ్చేది మీకే. "మేయ్, పిల్లోడు ఏడస్తుండాడు, చూడు" అని కబురందించి, ధర్మం నెరవేరిన తృప్తితో అటు తిరిగి పడుకుంటారు. కబురు మీ వంతు, లేవడం ఆమె వంతు. అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఇంత న్యాయం చూడలేదు.

ఆమె మేనకూరు కంపెనీలో షిఫ్టు దిగి వచ్చేదాకా పిల్లల్ని మీరే కనిపెట్టుకుని ఉంటారు. పెద్దది అన్నం తినలేదు, చిన్నోడు గోడంతా స్కెచ్‌పెన్నుతో గీశాడు, హోంవర్కు ముట్టలేదు. ఒక్కటీ మీ చూపు దాటదు. ఆమె గడప తొక్కగానే చెప్పులు విడిచేలోపే వరసగా అప్పజెప్తారు.

శ్రీహరికోటలో రాకెట్ లేచిన సాయంత్రం మిమ్మల్ని మిద్దెమీద చూడాలి! భుజంమీద పిల్లోడు, చేతిలో సెల్‌ఫోను, నిమిషం తిరక్కుండా స్టేటస్. కింద పాలు కాస్తున్న మనిషి ఫొటోలో పడకపోవడం ఆమె దురదృష్టం.

వాత్సల్యంలో మీరు అచ్చం మన స్వర్ణముఖి. ఏడాదంతా ఇసుకే, ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు మాత్రం వరద. "లెక్కల్లో ఇన్నేనా? ఏం పెంచుతుండావు నువ్వు?" అని కట్టలు తెంచుకుంటారు. మార్కులు బాగుంటే అది మీ వంశంలోని తెలివి, అందులో ఆమెకు వాటా అడిగే పెంకెతనం లేదు.

మీ చురుకుదనానికి సర్కారు లెక్కలే సాక్ష్యం. 2024 కాల వినియోగ సర్వేలో, 15–59 ఏళ్ల వయసులో ఇంట్లోవాళ్ల ఆలనాపాలనకు పూనుకున్న ఆడవాళ్లకు రోజుకు 140 నిమిషాలు పట్టింది. మగవాళ్లు 74 నిమిషాల్లో చక్కబెట్టేశారు! అదీ నూటికి 21 మందే పూనుకున్నారు. తక్కిన 79 మంది మొదలుపెట్టకుండానే ముగించిన సిద్ధపురుషులు.

చట్టానికీ మీ నిద్రంటే గౌరవమే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తల్లికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చింది, ప్రైవేటు కొలువులోని తండ్రికి ఒక్కరోజైనా ఇమ్మనలేదు. దానిమీద మీరు ఒక్క అర్జీ అయినా పెట్టలేదు. ఎంత నిస్వార్థం!

అందుకే వచ్చే ఆదివారం మీకు శాలువా కప్పాలని తీర్మానించాం. దంపతులిద్దర్నీ పిలిచేవాళ్లమే గానీ, పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.