లక్ష షేర్ల ఆసామి

బేస్తవారిపేట సెంటర్లో నిలబడి "హైడ్రోజనన్న యాడుంటాడు?" అని అడగండి. గిద్దలూరు బస్సు కోసం చూస్తున్న వాళ్ళు కూడా టీకొట్టు వైపు చెయ్యి చూపిస్తారు. అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. పురుగుమందుల కొట్టు అమ్మేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మోకాళ్ళ నొప్పులు మొదలైన వయసులో ఆయనకి ఈ బిరుదు వచ్చింది. ఇలాంటి మనిషి మీ ఊళ్ళోనూ ఉంటాడు. అక్కడ బిట్‌కాయిన్ బాబాయి కావచ్చు, ఎర్రచందనం బావ కావచ్చు. జాతి మాత్రం ఒకటే.

చుట్టుపక్కల అందరూ ఆస్తిని ఎకరాల్లో చెప్పుకుంటే ఈయన షేర్లలో చెబుతాడు. "నాకు లక్ష ఉండాయి" అంటాడు నెమ్మదిగా, గ్లాసు కింద పెడుతూ. కొత్తవాళ్ళు లేచి కుర్చీ ఇస్తారు. ఆ లక్షా లండన్లో ఏఐఎం అనే చిన్న కంపెనీల మార్కెట్లో ఉన్న పవర్‌హౌస్ ఎనర్జీవి. ఎందుకూ కొరగాని ప్లాస్టిక్‌ని హైడ్రోజన్ చేస్తామనేది ఆ కంపెనీ మాట. ఆయన కొన్నప్పుడు దాని మొత్తం షేర్లు దాదాపు 400 కోట్లు. అంటే మన ఆసామి వాటా 40,000లో ఒక వంతు. ఈ భాగహారం టీకొట్టులో ఎవరూ చెయ్యరు. చేసినా పైకి అనరు, టీ డబ్బులు ఇచ్చేది ఆయనే కాబట్టి.

షేర్లు ఆయన పేరు మీద లేవు, చెస్టర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవడానికి పోయిన మేనల్లుడి పేరు మీద ఉన్నాయి. అదేందన్నా అంటే రిజర్వ్ బ్యాంకు రూలు చెబుతాడు. మన దేశంలో ఉండేవాడు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. ఆయన పంపింది పోను ఆ ఏడాది ఇంకా 2,42,000 డాలర్లు పంపే హక్కు మిగిలిపోయిందట. ఆ మిగిలిన హక్కుని కూడా ఆస్తిలోనే కలిపి చెబుతాడు.

ఆ ఇంట్లో పొద్దు లండన్ లెక్కన నడుస్తుంది. చలికాలం అక్కడి మార్కెట్ మనకి మధ్యాహ్నం 1:30కి తెరుచుకుంటుంది. మార్చి ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం ముందుకు తిప్పగానే 12:30కే తెరుస్తారు. దాంతో మరుసటి రోజునుంచి ఆయన భోజనం వేళ కూడా గంట ముందుకు జరుగుతుంది. "ఇంగ్లండు వాళ్ళు పోయి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో అన్నం వాళ్ళు చెప్పినప్పుడే" అంటుంది వాళ్ళావిడ, కూర గిన్నె కొంచెం గట్టిగా పెడుతూ. ఆయన వినడు. అప్పటికే ఎడమ చేత్తో ఫోను పైకి జరుపుతూ ఉంటాడు. గీత పైకి పోతే "చూశావా?" అంటాడు. కిందికి పోతే "యావరేజి చేసుకోడానికి మంచి టైము" అంటాడు. నష్టమనే మాట వాడగా నేను వినలేదు.

కొన్నది 2021లో, ఆరేడు పెన్నీల దగ్గర. హైడ్రోజన్ అన్న పేరుంటే చాలు, ఏ దేశంలో ఏ షేరైనా ఎగిరిన రోజులవి. తరవాత అది పెన్నీకి అటూ ఇటూ వచ్చి కూర్చుంది. పెన్నీ అంటే ఎంతన్నా అని ఒక కుర్రాడు అడిగితే "రూపాయి కంటే ఎక్కువేరా" అన్నాడు. నిజమే మరి.

ఇక సైన్సు పాఠం. దీన్ని తప్పించుకుని టీకొట్టు దాటినవాడు లేడు. పాలిథిన్ కవరు పైకెత్తి చూపిస్తాడు. "దీని బరువులో ఏడో వంతు హైడ్రోజనేనయ్యా!" ఇది అక్షరాలా నిజం. పాలిథిన్ అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప మరొకటి కాదు. గాలి తగలకుండా ఒక మాదిరి వేడిలో ఉడికిస్తే అది నూనె అవుతుంది. హైదరాబాద్‌లో ఒక మెకానికల్ ప్రొఫెసర్ 500 కిలోల ప్లాస్టిక్ నుంచి 400 లీటర్ల ఇంధనం తీస్తున్నారని 2019లో పత్రికలు రాసింది ఈ పద్ధతి గురించే. అలా కాక వేడిని బాగా పెంచి, కొద్దిగా ఆక్సిజన్, నీటి ఆవిరి అందిస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వస్తుంది. అందులోంచి హైడ్రోజన్ విడదీయాలి. ఇంతవరకు మా అన్న చెప్పేదాంట్లో వంక పెట్టడానికి లేదు. చెప్పనిది వేరే ఉంది. చెత్తలో పీవీసీ పైపు ముక్క కలిసిందంటే అందులోని క్లోరిన్ ఆమ్లమై యంత్రం గొట్టాల్ని తినేస్తుంది. పాన్‌మసాలా పొట్లంలో ప్లాస్టిక్‌తో పాటు అల్యూమినియం పొర ఉంటుంది. కాబట్టి వచ్చిన చెత్తని ముందు ఎవరో కూర్చుని ఏరాలి, కడగాలి, ఆరబెట్టాలి. ఆ కూలీ ఏ గ్రాఫులోనూ కనబడదు.

ఈ పని అసలు ఎక్కడా కాలేదా అంటే అయింది. జపాన్లో కవాసాకిలో షోవా డెంకో వాళ్ళు (ఇప్పుడు రెజొనాక్ అంటున్నారు) 2003 నుంచీ రోజుకు దాదాపు 200 టన్నుల ప్లాస్టిక్‌ని వాయువుగా మారుస్తున్నారు. ఆ హైడ్రోజన్లో ఎక్కువ భాగం అమోనియాకి పోతుంది. కొంత గొట్టం ద్వారా 2018లో తెరిచిన ఒక హోటలుకి వెళ్ళింది. ఆ హోటల్లో వాడిపారేసిన టూత్ బ్రష్షులు కూడా ప్లాంటుకే పంపారు. ఈ కథ చెప్పేటప్పుడు అన్న కళ్ళు మెరుస్తాయి. అది పెద్ద రసాయన కంపెనీ అనీ, అమోనియా తనే తయారుచేసుకుని తనే అమ్ముకుంటుందనీ, మన లక్షకీ దానికీ సంబంధం లేదనీ నేను గుర్తు చేస్తే, "టెక్నాలజీ ఒకటే గదా" అంటాడు.

మన కంపెనీ ప్లాంటు ఇంగ్లండులో చెషైర్ ప్రాంతాన, ఎల్స్‌మియర్ పోర్ట్ పక్కన ప్రోటోస్ అనే చోట రావాల్సింది. రోజుకు 35 టన్నుల ప్లాస్టిక్ పొయ్యడం, 2 టన్నుల దాకా హైడ్రోజన్ తియ్యడం అనుకున్న లెక్క. అనుమతి 2019లోనే వచ్చింది. కట్టడం మాత్రం ముందుకు కదల్లేదు. మేనల్లుడికి ఆ చోటు దగ్గరే కాబట్టి, ఒక ఆదివారం పోయి చూసి రమ్మని ఈయన పురమాయించాడు. పిల్లవాడు వానలో తడుస్తూ వీడియో తీసి పంపాడు. కంచె, గడ్డి, దూరంగా గాలిమరలు. టీకొట్టులో పదిమంది తలలు ఆ ఫోను మీద వాలాయి.

"ప్లాంటు యాడుందన్నా?"

"గడ్డి చూడరా, ఎంత పచ్చగా ఉందో! ఎకరాకి నాలుగు బర్రెలు మేస్తాయి."

ఆ సాయంత్రమంతా మాట పాల ధర మీదికి మళ్ళింది. హైడ్రోజన్ ఊసే రాలేదు.

ఒకసారి నేనే కాగితం తీసి లెక్క కట్టాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకారం 2019-20లో దేశంలో ప్లాస్టిక్ చెత్త దాదాపు 35 లక్షల టన్నులు. తలకి ఏడాదికి రెండున్నర కిలోలు. 2011 జనాభా లెక్కల్లో మా బేస్తవారిపేట ఉన్న అప్పటి ప్రకాశం జిల్లా జనం 34 లక్షలు. చీరాల నుంచి గిద్దలూరు దాకా మొత్తం ఊడ్చినా రోజుకు దాదాపు 23 టన్నులే. ఆ ఒక్క ప్లాంటు కడుపు నింపడానికి జిల్లా చాలదని చూపించాను. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, "అయితే జనం వాడకం పెంచాలి" అన్నాడు. అప్పటినుంచి సోడా తాగినా ప్లాస్టిక్ సీసాలోదే తాగుతాడు, రంగం అభివృద్ధి కోసం.

ఇది ఆయనకి మొదటి ప్రేమ కూడా కాదు. ఒకప్పుడు టేకు మొక్కల బాండ్లు కొన్నాడు. ఆ తరవాత ఈమూ పక్షులు. అవి కంచె దూకి జామాయిల్ తోటల్లో పడితే పట్టుకోడానికి సగం ఊరు పరిగెత్తింది. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై అనే ఆయన ఆకులతో పెట్రోలు చేస్తానన్నప్పుడు మనవాడు దానికీ డీలర్‌షిప్ కావాలని ఉత్తరం రాశాడట. ఆ పిళ్ళైకి 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. అన్నా, నీ కంపెనీ కూడా ఆ బాపతేనా అంటే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైందే. ఇది మాయల మూలిక కాదు. రసాయనశాస్త్రం నిజం, కంపెనీ నిజం, అనుమతి నిజం. ప్లాంటే లేదు.

దేశంలో హైడ్రోజన్ పేరెత్తితే అది తన పొలం గట్టు తగాదా అయినట్టు లేస్తాడు. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ వాళ్ళ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1,85,000 కోట్ల రూపాయలు. ఆ రోజు ఆయన మొహం చిన్నబోయింది. "వాళ్ళు నీళ్ళనుంచి తీస్తారంట. మనకాడ నీళ్ళేవి? ప్లాస్టిక్ అయితే కావలసినంత ఉంది." నవ్వాం గానీ, ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ గడ్డ మీద ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక క్యాన్లు కొనుక్కునే జనం. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేస్తే సొరంగాలు తవ్వుతూనే ఒక తరం పెద్దదైపోయింది. కాలవ కోసం అంతకాలం చూసినవాడికి ఒక ప్లాంటు కోసం అయిదారేళ్ళు చూడటం కష్టమా? ఈయనకి ఆశపోతు అని పేరు పెట్టడం తేలిక. నాకు మాత్రం ఓపికమంతుడు అనిపిస్తాడు, కాకపోతే ఓపిక పెట్టే చోటు తెలియదు.

2025 ఏప్రిల్లో పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ వాళ్ళ బయోగ్యాస్ ప్లాంటుకి పునాదిరాయి వేస్తే చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాడు. అదేందంటే "సెక్టార్ విజిట్" అన్నాడు. తిరిగొచ్చాక మార్కాపురం పలకల గనుల దగ్గర గుట్టలుగా పడున్న రాతి ముక్కల వైపు అదోలా చూస్తున్నాడు. వాటినించి ఏం తీస్తారో ఇంకా బయటపెట్టలేదు.

మీరు ఇటు వస్తే ఆయన దగ్గర కూర్చుని టీ తాగండి. పాఠం శ్రద్ధగా వినండి, అందులో చాలావరకు నిజమే. షేరు పేరు మాత్రం రాసుకోకండి. ఇంటికి రమ్మంటే వెళ్ళండి. వాళ్ళావిడ పాల కవర్లు, నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు మూట గట్టి వాకిట్లో పెడుతుంది. పాత సామాన్ల బండివాడు వచ్చి తూకం వేసి ఉల్లిగడ్డలు ఇచ్చి పోతాడు. ప్లాస్టిక్ మీద ఆ ఇంటికి ఇప్పటిదాకా ముట్టిన రాబడి ఆ ఉల్లిగడ్డలే.