యాప్‌కు గోండీ వచ్చింది

శుభం. గిరిజన భాషల అనువాద యాప్ ఆదివాణికి గోండీ వచ్చేసింది. ఇక ప్రధానమంత్రి ఉపన్యాసం ఉట్నూరు గూడేల్లో గోండీలోనే మోగుతుంది. గోండులకు ఇన్నాళ్లూ ఉన్న లోటల్లా అదే కదా! పోడు పట్టా కోసం ఏళ్లుగా తిరుగుతున్నవాడికి, పట్టా సంగతి ఎలా ఉన్నా, పథకాల గొప్ప సొంత భాషలో వినే భాగ్యం దక్కింది. యాప్ రెండు వైపులా పనిచేస్తుందంటారు, నిజమే. గోండీలో అడిగింది హిందీలోకి మారుతుంది. మారి ఎవరి బల్ల మీద పడుతుంది? జవాబు చెప్పాల్సిన పూచీ ఎవరికీ లేనప్పుడు అనువాదం ఎంత చక్కగా ఉండి ఏం లాభం? చెవిటివాడి ముందు ఊదే శంఖానికి బ్యాటరీ పెట్టారు, చెవుల సంగతి మరిచారు.

ఆదివాసులను కలుపుకునే చేశామంటారు. కలుపుకున్నారు, మాటలు పోగుచెయ్యడానికి. ఏ భాషలో బడి నడవాలి, ఏ కార్యాలయంలో ఏ భాష చెల్లాలి అని తేల్చేచోట వాళ్లకు కుర్చీ ఏది? గిరిజన సలహా మండలి ఉందిగా అంటారేమో. గవర్నరు అడిగిన విషయం మీదే అది సలహా చెప్పాలి! భాషకిచ్చే గుర్తింపూ అంతే. 2011 జనగణనలో గోండీ మాతృభాష అన్నవాళ్లు 29 లక్షలు దాటారు. సంస్కృతం అన్నవాళ్లు 25 వేల లోపే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో సంస్కృతం ఉంది, గోండీ లేదు. సంస్కృతం మీద నాకు పగేమీ లేదు, లెక్క అడుగుతున్నానంతే. లిపి తేలలేదంటారా? దేవనాగరిలో రాసుకునే బోడోను 2003 నాటి సవరణతో చేర్చారు. గోండీకి ఆదిలాబాద్ జిల్లా గుంజాల లిపే ఉంది, 2018లో యూనికోడ్‌లోకీ ఎక్కింది. మాండలికాలు ఎక్కువంటారా? యాప్‌కు అడ్డురాని మాండలికాలు షెడ్యూలుకే అడ్డొచ్చాయా?

వెటకారం చాలు. బడికి ఇవ్వని భాషను యాప్‌కు ఇచ్చి మురిపించడం మోసం. ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జీవో 3 తెచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. సరే, రిజర్వేషన్ వద్దు. గోండు పిల్లలకు ఒకటో తరగతి చెప్పేవాళ్లకు గోండీ రావాలనడం రిజర్వేషన్ కాదు, అర్హత. తెలుగు మీడియం పంతులుకు తెలుగు రావాలని అడగడం లేదూ? యాప్‌కు గోండీ నేర్పగలిగినవాళ్లు గూడేల్లోనే ఉన్నారు. బడిలో పోస్టు వాళ్లకివ్వండి.