నురుగే నా బతుకు

నన్ను ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్ళో ఒక తెలుగువాళ్ళింట, నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం కింద, అలమరలో నా కాపురం. పైన 75 గ్యాలన్ల నీళ్ళు, నీలి లైట్లు, నారింజ రంగు క్లౌన్ చేపల జంట, ఊగే పగడాలు. చుట్టాలొస్తే అక్కడ నిలబడి ఫొటోలు దిగి భోజనాలకు లేచిపోతారు. అలమర తెరవమని ఎవరూ అడగరు. కంపు కొడుతుందని ఇంటావిడ తెరవనివ్వదు కూడా.

ఆ కంపు నా కష్టార్జితం.

నా ఒళ్ళు అక్రిలిక్ గొట్టం. అడుగున ఒక పంపు, దాని చక్రానికి రెక్కల బదులు సన్నని ముళ్ళు. అది నీటితోపాటు గాలినీ లాక్కుని సన్నటి బుడగలుగా చితక్కొడుతుంది. చేపల పెంట, మిగిలిన మేత, పగడాలు కార్చే జిగురు నీళ్ళలో కరిగి సేంద్రియ పదార్థాలవుతాయి. వాటి అణువుల్లో చాలావాటికి ఒక కొసకి నీరంటే పడదు. గాలిబుడగ దొరికితే చాలు, పట్టుకు వేలాడతాయి. ఆ బుడగలు మురికిని మోసుకుంటూ నా మెడలోకి ఎక్కి, నురుగై, పైనున్న కప్పులోకి పొర్లుతాయి. నన్ను మంచినీళ్ళ తొట్టిలో పెడితే మాత్రం దండగ. అక్కడ బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్దవవుతాయి, నురుగు నిలవదు. ఉప్పుంటేనే నాకు ఉద్యోగం.

కాస్త తిక్కమనిషినని ఒప్పుకుంటాను. కొత్తలో నా ప్లాస్టిక్‌కి అంటిన నూనె పోయేదాకా కొన్నాళ్ళు నురుగు పట్టలేదు. ఇప్పటికీ నూనె చేతులు తొట్టిలో పెడితే నా నురుగు ఢామ్మని పడిపోతుంది, గంటల తరబడి లేవదు. పగడాన్ని రాయికి అతికించడానికి ఎపాక్సీ ముద్ద వాడితే దానికి తలకిందులుగా, ఆగకుండా పొంగుతాను.

తొట్టి పెట్టింది 2020 వేసవిలో, లాక్‌డౌన్ రోజుల్లో. ఇంటాయన ఎండు రాళ్ళు పేర్చి, ఇసక పోసి, ఉప్పు కలిపి, అందులో ఒక్క చేపనీ వేయకుండా నెలన్నర కూర్చున్నాడు. కూతురు ఏడ్చింది. కానీ ఆ ఖాళీ నీళ్ళలో జరగాల్సింది జరుగుతోంది. ఒక జాతి బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తే, ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటిది చేపలకు విషం, మూడోది కొంచెం ఉన్నా పర్వాలేదు. ఈ సైన్యం రాళ్ళలో కుదురుకోకముందే చేపల్ని వేసేవాళ్ళే నూటికి తొంభైమంది అనిపిస్తుంది నాకు. తర్వాత ఇసకంతా గోధుమరంగు బూజు కమ్మింది. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు, కొత్త తొట్టికి తప్పదు.

ఇంటాయన తల్లి అప్పటికి ఇక్కడే ఉంది. మనవరాలిని చూడ్డానికొచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఉప్పు కొఠార్ల పక్కన పుట్టి పెరిగిన మనిషి. కొడుకు బకెట్‌లో ఆర్వో నీళ్ళు పట్టి, లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలుపుతుంటే చూసి నోరు నొక్కుకుంది.

“ఏటిరా బాబూ! ఉప్పు డబ్బులెట్టి కొని, నీళ్ళల్లో కలిపి, దాన్ని సముద్రం అంతన్నావా?”

“ఇది వంట ఉప్పు కాదమ్మా. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, అన్నీ ఉంటాయి.”

“ఉప్పు తీసీసినాక మళ్ళల్లో చేదు నీళ్ళు మిగుల్తాయి కదా. ఆ చేదంతా అదే కావాల.”

అదే. ఉప్పు గడ్డకట్టాక మిగిలే ఆ నీటికి చేదు పట్టేది మెగ్నీషియం వల్లే. కొడుక్కి అది తెలియదు. తొట్టిలో నీరు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళు పోయాలా, మంచినీళ్ళా అని అతను ఫోన్లో వెతుకుతుంటే కూడా ఆవిడే అంది: “ఎండకి నీరే పోద్ది గానీ ఉప్పు పోద్దేటి? మంచినీళ్ళే పొయ్యి.” ఆనాటి నుంచి సాంద్రత 1.026 దాటలేదు.

పగడాల మేత సంగతీ అంతే. రాతిపగడం నీళ్ళలోని కాల్షియాన్నీ కార్బనేట్‌నీ లాక్కుని ఒళ్ళు కట్టుకుంటుంది. కాల్షియం 420 పీపీఎం దగ్గర, క్షారత ఎనిమిది తొమ్మిది డిగ్రీల దగ్గర నిలబడాలంటే రోజూ నింపుతుండాలి. ఇంటాయన తెల్లపొడి తెచ్చి నీళ్ళలో కలిపి, పైతేట చుక్కలు చుక్కలుగా పడేలా గొట్టం పెట్టాడు. పెద్దావిడ డబ్బా మూత తీసి, “తాంబూలం సున్నఁవే కదరా, ఇంత ఖరీదేటి?” అంది. నిజంగానే అది కాల్షియం హైడ్రాక్సైడే.

ఈ పగడాలు సముద్రంలోంచి విరిచినవి కావు. ఊళ్ళో వేరే తొట్లలో పెరిగిన వాటి ముక్కలు. ఇండియాలో అయితే రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి సరసన. అక్కడ ఇంట్లో పెట్టుకోవాలని సరదాపడేవాళ్ళు ఆ సంగతి ముందు తెలుసుకోవాలి.

2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. 16న పొద్దున్న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. నా పంపు ఆగింది, నీళ్ళు తిప్పే మోటర్లు ఆగాయి, హీటర్లు ఆగాయి. అంతకుముందు ఇల్లు మూసి ఉండటంతో లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీటి పీహెచ్ పడిపోతోందని నా గాలిగొట్టాన్ని కిటికీ బయటికి పెట్టారు. అందులోంచి మంచుగాలి రాకుండా గుడ్డ కుక్కారు. ఇంటాయన గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి, సీసాల్లో బిగించి తొట్టిలో తేలేశాడు. దుప్పట్లు చుట్టాడు. చలిని చూసుకుంటూ ఊపిరి సంగతి మరిచాడు. ఆవిడ మరవలేదు. వాళ్ళ వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో చూసిన మనిషి. శాలువా కప్పుకుని, కుర్చీ వేసుకుని, చెంబుతో తొట్టిలో నీళ్ళు తీసి మళ్ళీ అందులోకే ఎత్తునుంచి పోసింది. చెయ్యి నొప్పెడితే కోడలు అందుకుంది, తర్వాత మనవరాలు. నా పని ముగ్గురు ఆడవాళ్ళు చేశారు, నాకంటే తక్కువ చప్పుడుతో.

చేపలు దక్కాయి. మెత్తటి పగడాలు ముడుచుకుని మళ్ళీ విప్పుకున్నాయి. ఆక్రోపోరా అనే రాతిపగడం కొమ్మలు మాత్రం చర్మం ఊడి తెల్లగా మిగిలాయి. కరెంటు రాగానే చచ్చిన కణజాలమంతా నా పాలబడింది. ఒక్క రాత్రికే కప్పు నల్లగా నిండింది.

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. “హాలాహలం రా నాయనా. ఈడు గొంతుకలో అట్టీసుకున్నాడు.” యంత్రజన్మలో నాకు దక్కిన ఒకే ఒక్క బిరుదు అది.

ఇంటాయన దాన్ని ఎరువుగా కరివేపాకు చెట్టుకి పోద్దామన్నాడు. ఆవిడ కప్పు లాగేసుకుంది: “ఉప్పు నీళ్ళురా, సెట్టు సస్తాది.”

విమానాలు మొదలయ్యాక ఊరెళ్ళిపోయింది. నా మెడ కడిగే పని మనవరాలికి వచ్చింది. కడిగినప్పుడల్లా రెండు డాలర్లు పుచ్చుకుంటుంది. కొన్ని నెలలకోసారి ఇంటాయన నా పంపుని వెనిగర్‌లో నానబెట్టి సున్నపు పేరు వదిలిస్తాడు. స్కిమ్మర్ లేకుండా తొట్టి నడిపేవాళ్ళున్నారట, మనమూ తీసేద్దామా అని ఈమధ్య భార్యతో అన్నాడు. తీస్తే తీయనీ. నాచు పెంచుకుని, నీళ్ళు ఎక్కువసార్లు మార్చుకుంటే సాగుతుంది. నేనేం లేనిపోని గొప్పలు చెప్పను.

కానీ ఆదివారం వీడియో కాల్‌లో పెద్దావిడ చేపల్ని చూపించమనదు. “కింద తలుపు తెరు” అంటుంది. మనవరాలు ఫోన్ నా కప్పు దగ్గర పెడుతుంది. పోయినసారి ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, కాసేపు చూసి, కొడుకుని పిలిచింది.

“తెట్టు సిక్కగా, నల్లగా దిగుతోంది. మేత ఎక్కువేస్తన్నావు. తగ్గించు.”