బ్రేకు మామ

కృష్ణగిరి, తిరువణ్ణామలై, సేలం, తిరుపత్తూరు రోడ్లు వచ్చి కలిసే ఊరు ఊత్తంగరై. అక్కడ లోడుబండ్ల వరసలో తెల్లారకముందే ఏ కుట్టియానై కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనబడుతుంటాయో, ఆ కాళ్ళవాడే బ్రేకు మామ. చాలామంది ఆయన్ని ముఖం చూసి కాదు, మడమల పగుళ్ళు చూసి గుర్తుపడతారు.

టాటా ఏస్ 2005లో వచ్చింది మొదలు, తమిళనాట దానికి కుట్టియానై అనే ఆ ఏనుగుపిల్ల పేరే స్థిరపడింది. మావటీలు మాత్రం రకరకాలు. ఒకడు పొద్దున్నే నిమ్మకాయ, మిరపకాయల దండ మారుస్తాడు. ఒకడు పాటల పెట్టె మోగుతోందో లేదో చూసుకుంటాడు. మామ కూడా మురుగనికి ఊదొత్తి వెలిగిస్తాడు గానీ, అసలు పూజ పెడల్ దగ్గర.

ఇంజను ఆపి ఉండగానే పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కుతాడు. అది రాయిలా బిగుసుకున్నాక, కాలు తియ్యకుండా తాళం తిప్పుతాడు. పెడల్ కొంచెం కిందికి దిగిందా, బూస్టరు బాగున్నట్టు. అట్లాగే అదిమిపట్టి కళ్ళు మూసుకుంటాడు. చూసేవాళ్ళు ధ్యానం అనుకుంటారు. కాలికింద పెడల్ మెల్లగా జారిపోతోందా అని ఆయన వినే పని అది. జారితే మాస్టర్ సిలిండర్ మీద అనుమానం. మెత్తగా స్పంజిలా ఉంటే లైనులో గాలి. తర్వాత వెనక చక్రాల లోపలి వైపు వేలుపెట్టి రాసి, ఆ వేలు వాసన చూస్తాడు. తడి తగిలిందా, వీల్ సిలిండర్ కారుతున్నట్టే. ఆ వేలితోనే టీ గ్లాసు పట్టుకుంటాడు; అందుకే ఆయన పక్కన కూర్చుని టీ తాగే అలవాటు ఎవరికీ లేదు.

ఈలోగా మామిడికాయల యజమాని తోటలోంచి ఫోను మీద ఫోను.

"ఏమప్పా, ఇంకా బయల్దేరలేదా? మండీలో రేటు పడిపోతాది!"

"రేటు పడితే రేపు లేస్తాది. బండి పడితే ఎవురు లేపుతారప్పా?"

ఆయన చెప్పేదంతా నిజమే, చిక్కల్లా అక్కడే. తప్పు చెప్పేవాణ్ణి ఎలాగో ఓర్చుకోవచ్చు. బ్రేకు ఆయిల్ తగ్గిందని ఎవడైనా డబ్బా పట్టుకొస్తే చాలు, మామ అడ్డంపడతాడు. ఊరికే తగ్గుతుందా? ఎక్కడో కారుతుండాలి, లేదంటే లైనింగ్ అరిగిపోయి ఉండాలి; పైనుంచి పోసేస్తే రోగం దాక్కుంటుంది. పాత ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుందనీ, దిగుడులో వేడెక్కి మరిగితే పెడల్ ఉత్తదైపోతుందనీ, తెలిసినవాడికీ తెలియనివాడికీ సమానంగా చెబుతాడు. తోతాపురి సీజన్లో ముప్పావు టన్ను బండికి ఒకటిన్నర టన్ను ఎక్కించేవాళ్ళు ఈ ఉపన్యాసాన్ని తలవంచుకుని వింటారు, విన్నాక ఇంకో రెండు పెట్టెలు ఎక్కిస్తారు.

ఈ జబ్బు బండితో ఆగితే బాగుండేది. బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ కుడికాలితో నేలని తొక్కుతాడు. మేనకోడలికి సంబంధం చూడబోయినప్పుడు అందరూ పిల్లాడి జీతం, పొలం అడుగుతుంటే, మామ లేచి వాకిట్లో ఉన్న పెళ్ళికొడుకు మోటారుసైకిల్ని ముందుకీ వెనక్కీ తోసి చూశాడట. "వెనక బ్రేకు లేదు, బ్రేక్ లైటూ లేదు. ఆగేది తెలీదు, ఆగతాండానని చెప్పేదీ తెలీదు. వద్దు పొండి" అన్నాడట. మేనకోడలు ఆ కుర్రాణ్ణే చేసుకుంది. పెళ్ళికి మామ చదివించింది ఒక జత బ్రేక్ షూలు.

ఏలగిరికి లోడు పడినప్పుడు మాత్రం స్టాండు మర్యాద మారిపోతుంది. ఆ కొండకి పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. తమిళ కవుల పేర్లూ దాతల పేర్లూ పెట్టారు వాటికి. ధర్మపురిని ఏలిన అదియమాన్ కూడా అందులో ఒక మలుపు. ఏడాది పొడుగునా నవ్విన కుర్రాళ్ళు ముందురోజు మాపటేళ మెల్లగా చేరతారు. "మామా, ఊరికే ఒకసారి చూడరాదా?" మామ బెట్టు చేయడు. బండి కింద దూరి, బయటికి వినబడేలా తిడుతూ డ్రమ్ము బిగిస్తాడు. ఎక్కిన గేరులోనే దిగమని చెప్పి, ఆ మాట వాడిచేత తిరిగి చెప్పించుకుంటాడు.

మొన్న కొడుకు హోసూరులో తయారైన దోస్త్ అనే లోడుబండి కొన్నాడు. పూజకి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పూజారి, బంధువులు, మేళంవాళ్ళు ఆ నిమ్మకాయలు చితికే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారు. స్టీరింగ్ దగ్గర మామ. బండి కదిలింది, నిమ్మకాయల్ని తాకింది, టక్కున ఆగింది. మామ తల బయటపెట్టి చూశాడు. ఒక్క కాయా చితకలేదు.

"శానా బాగుంది బ్రేకు," అంటూ కిందికి దిగిపోయాడు.

"స్వామీ, ముహూర్తం దాటిపోతోంది, ఎక్కించండి!" అన్నాడు పూజారి.

మామ అప్పటికే చాప పరుచుకుని బండి కిందికి దూరుతున్నాడు.